ఆ లెక్క ఓటరుకి చెప్పలేదు: స్కాట్లాండ్ చమురు, స్వాతంత్ర్య చర్చ

అందరికీ నమస్కారం.

చమురు ఆదాయం గురించి, ఒక జాతి విడిపోయి సొంత దేశం కట్టుకోవాలా వద్దా అన్న చర్చ గురించి మాట్లాడమన్నారు. ఈ అంశానికి ఉదాహరణలు చాలానే ఉన్నాయి. నైజీరియాలో బయాఫ్రా ఉంది, దక్షిణ సూడాన్ ఉంది, ఇరాక్‌లో కుర్దుల ప్రాంతం ఉంది. అక్కడ చమురు చుట్టూ యుద్ధాలే జరిగాయి. నేను స్కాట్లాండ్‌ను ఎంచుకున్నాను. అక్కడ గొడవంతా కాగితాల మీద, బడ్జెట్ పుస్తకాల మీద, పోలింగ్ బూత్‌ల దగ్గర నడిచింది. అందువల్ల చమురు డబ్బు ఒక రాజకీయ వాదనను ఏం చేస్తుందో తేటగా చూడొచ్చు.

ముందు ఒక కాగితం గురించి చెబుతాను. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా దాదాపు దాని చుట్టూనే తిరుగుతుంది.

1974లో స్కాట్లాండ్ వ్యవహారాలు చూసే బ్రిటిష్ ప్రభుత్వ శాఖలో గావిన్ మాక్రోన్ అనే ఆర్థికవేత్త ఉండేవారు. ఆయన విడిపోవాలని కోరుకున్న మనిషి కాదు. స్కాట్లాండ్ విడిపోతే ఆర్థికంగా నష్టపోతుందని అంతకుముందు ఆయనే రాశారు. స్కాట్లాండ్‌కు తూర్పునున్న ఉత్తర సముద్రంలో చమురు పడింది కాబట్టి ఆ లెక్కను మళ్ళీ చూడాల్సి వచ్చింది. చూసి, మంత్రుల కోసం ఒక నివేదిక రాశారు. అందులో ఏముందంటే, స్కాట్లాండ్ స్వతంత్ర దేశమైతే దాని ఖజానాలో మిగులు ఏ స్థాయిలో ఉంటుందంటే అది ఇబ్బంది పెట్టేంతగా ఉంటుంది. దాని కరెన్సీ ఐరోపాలోనే అత్యంత గట్టి కరెన్సీల్లో ఒకటవుతుంది. స్కాట్లాండ్‌లో అన్ని పన్నుల మీదా కలిపి అప్పుడు వస్తున్న ఆదాయం కంటే 1980 నాటికి ఒక్క చమురు మీద వచ్చేదే చాలా ఎక్కువ కావచ్చు. ఇంకో మాట కూడా రాశారు. చమురు మీద ఎంత వస్తుందో చెబుతూ, విడిపోవాలనే స్కాటిష్ నేషనల్ పార్టీ ఊరూరా తిరుగుతోంది కదా, ఆ అంకెలో తప్పల్లా ఒక్కటే, అది మరీ తక్కువ అని.

ఆ నివేదిక మీద రహస్యం అని ముద్ర పడింది. బయటికి వచ్చింది 2005లో, సమాచార హక్కు చట్టం అక్కడ అమల్లోకి వచ్చిన ఏడాది. అంటే 30 ఏళ్ళు ఫైల్లోనే ఉంది. అది రాసేనాటికి ఓటు హక్కు వచ్చిన కుర్రాళ్ళు బయటపడేనాటికి యాభైకి దగ్గరపడ్డారు. ఆ మధ్యలో వాళ్ళు ఎన్ని ఎన్నికల్లో ఓటేశారో ఆలోచించండి.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళదాం. 1964లో బ్రిటన్ తన తీరం చుట్టూ ఉన్న సముద్ర గర్భాన్ని పంచి లైసెన్సులు ఇవ్వడానికి చట్టం చేసింది. మొదట గ్యాస్ దొరికింది, అది ఇంగ్లండ్ వైపు. 1970 అక్టోబరులో అబర్డీన్ రేవుకు తూర్పున సుమారు 180 కిలోమీటర్ల దూరంలో బీపీ కంపెనీకి ఫోర్టీస్ అనే పెద్ద క్షేత్రం తగిలింది. మరుసటి ఏడాది షెట్లాండ్ దీవులకు ఈశాన్యంగా బ్రెంట్ దొరికింది. మన పేపర్లలో రోజూ 'బ్రెంట్ ముడి చమురు ధర' అని వేస్తారే, ఆ బ్రెంట్ ఇదే. 1975లో చమురు ఒడ్డుకు రావడం మొదలైంది.

స్కాటిష్ నేషనల్ పార్టీ అప్పటికి చిన్న పార్టీ. 1972లో 'ఇది స్కాట్లాండ్ చమురు' అని ఒక ప్రచారం ఎత్తుకుంది. మరుసటి ఏడాది చివర్లో అరబ్ దేశాలు చమురు బిగించడంతో ధర నాలుగింతలైంది. 1974లో బ్రిటన్‌లో రెండుసార్లు ఎన్నికలు జరిగాయి. ఫిబ్రవరిలో ఆ పార్టీకి 7 సీట్లు, అక్టోబరులో 11 సీట్లు వచ్చాయి. స్కాట్లాండ్‌లో 30 శాతం ఓట్లు దానికే పడ్డాయి. లండన్‌లో టెన్షన్ మొదలైంది. మాక్రోన్ నివేదికను తొక్కిపెట్టింది సరిగ్గా ఆ సంవత్సరంలోనే. ఆ రోజుల్లో ఆర్థిక మంత్రిగా ఉన్న డెనిస్ హీలీ 2013లో, తొంభై దాటిన వయసులో, ఒక పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో ఒప్పుకున్నారు కూడా. జాతీయవాదం భయంతో చమురు విలువను కావాలనే తక్కువ చేసి చెప్పామని. అప్పట్లో పదవిలో ఉన్న మనిషే చెప్పాక ఇందులో అనుమానానికి తావులేదు.

లెక్క దాచడం ఒక ఎత్తు. ఆదాయాన్ని ఏ పద్దులో రాశారన్నది ఇంకో ఎత్తు. బ్రిటన్ ప్రాంతాలవారీ ఆర్థిక లెక్కలు వేసేటప్పుడు సముద్రంలో చమురు ఉన్న భాగాన్ని ఏ ప్రాంతానికీ చెందని భూభాగంగా చూపేవారు. చమురు స్కాట్లాండ్‌దీ కాదు, ఇంగ్లండ్‌దీ కాదు, నేరుగా లండన్ ఖజానాది. మరి స్కాట్లాండ్ వాటా ఎంత? జనాభా ప్రకారం పంచితే 8 శాతం పైచిలుకు వస్తుంది. సముద్రంలో ఇంగ్లండ్, స్కాట్లాండ్ తీరాలు రెండింటికీ సమాన దూరంలో మధ్యగీత గీసి, దానికి ఉత్తరాన ఉన్నదంతా స్కాట్లాండ్‌ది అనుకుంటే చమురులో 90 శాతం దాకా వాళ్ళదే అవుతుంది. చూడండి, ఒకే చమురు, ఒకే ఏడాది. గీత ఎక్కడ గీశారన్నదాన్ని బట్టి స్కాట్లాండ్ బిచ్చగత్తె అవుతుంది, లేదా ధనవంతురాలవుతుంది. ఇప్పుడు స్కాట్లాండ్ ప్రభుత్వం ఏటా వేసే ఆదాయ వ్యయాల పుస్తకంలో రెండు పద్ధతులనూ పక్కపక్కనే చూపిస్తారు. అది మంచి పని. ముందునుంచీ అలా చేసి ఉండాల్సింది.

1979 మార్చి 1న స్కాట్లాండ్‌కు సొంత శాసనసభ కావాలా అని రెఫరెండం పెట్టారు. స్వాతంత్ర్యం కాదు, కేవలం సభ. ఓటేసినవాళ్ళలో 51.6 శాతం కావాలన్నారు. కానీ మొత్తం ఓటర్లలో 40 శాతం మంది అవునంటేనే చెల్లుతుందని చట్టంలో ఒక మెలిక పెట్టారు. పోలింగ్‌కు రానివాళ్ళూ వద్దన్నట్టే లెక్క. అలా చూస్తే 33 శాతం దగ్గర ఆగిపోయింది. సభ రాలేదు. దాని కోసం ఇంకో 20 ఏళ్ళు ఆగాల్సి వచ్చింది.

1979 తర్వాతే అసలు డబ్బు వచ్చింది. 1984-85లో చమురు మీద బ్రిటన్ ఖజానాకు దాదాపు 1200 కోట్ల పౌండ్లు వచ్చాయి. ఆ దశాబ్దంలో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం పై తరగతి ఆదాయపు పన్నును 83 శాతం నుంచి 60కి, తర్వాత 40కి దించింది. నిరుద్యోగులు 30 లక్షలు దాటారు, వాళ్ళ భృతికి డబ్బు కావాలి. చమురు దేశం కావడంతో పౌండు విలువ పెరిగింది, పౌండు పెరిగేసరికి ఫ్యాక్టరీల ఎగుమతులు దెబ్బతిన్నాయి. గ్లాస్గో పక్కన లిన్‌వుడ్‌లో కార్ల ఫ్యాక్టరీ ఉండేది, 1981లో మూసేశారు. మదర్‌వెల్ ఊళ్ళో రేవన్స్‌క్రెయిగ్ ఉక్కు కర్మాగారం 1992లో మూతపడింది. వీటి మూతకు చమురు ఒక్కటే కారణం అని నేను అనను. ఆ ఫ్యాక్టరీల కష్టాలు పాతవి. కానీ అబర్డీన్ తీరంలో డబ్బు పారుతున్న కాలంలోనే, అక్కడికి మూడు గంటల ప్రయాణంలో ఉన్న ఊళ్ళలో తండ్రీ కొడుకూ ఇద్దరూ పని లేక ఇంట్లో కూర్చున్నారు. ఆ కోపాన్ని ఏ అంకెలూ చల్లార్చలేవు.

నా ఉద్దేశంలో ఆ కాలపు అసలు తప్పు ఏంటంటే, చమురు ఆదాయాన్ని జీతం డబ్బులా ఖర్చు పెట్టేశారు. పంట అమ్మితే వచ్చే డబ్బు వేరు, పొలం అమ్మితే వచ్చే డబ్బు వేరు అని మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. చమురు తియ్యడమంటే పొలం అమ్మడమే, మళ్ళీ రాదు.

నార్వే గురించి మీలో చాలామంది వినే ఉంటారు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. అదే సముద్రం, అవతలి ఒడ్డు. 1968లో ఫారూక్ అల్ ఖాసిమ్ అనే ఇరాకీ భూగర్భ శాస్త్రవేత్త కొడుకు వైద్యం కోసం ఓస్లో వచ్చి, ఉద్యోగం వెతుక్కుంటూ ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళాడు. చమురు పుట్టిన దేశం నుంచి వచ్చిన ఆ మనిషి అనుభవం నార్వే చమురు విధానం రాయడంలో బాగా పనికొచ్చింది. 1972లో ప్రభుత్వ కంపెనీ పెట్టారు. 1990లో చట్టం చేసి ఒక నిధి పెట్టారు, 1996లో మొదటిసారి అందులో డబ్బు వేశారు. ఏటా నిధిలోంచి 4 శాతం మించి తియ్యకూడదని 2001లో నియమం, దాన్ని తర్వాత 3 శాతానికి తగ్గించారు. ఇవాళ ఆ నిధి లక్షన్నర కోట్ల డాలర్లు దాటింది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. నార్వే జనాభా అరకోటి చిల్లర. బ్రిటన్‌ది ఏడు కోట్లకు దగ్గర. అంత మందికి పంచాల్సిన దేశం అంత పెద్ద నిధి పెట్టగలిగేదా అన్నది న్యాయమైన ప్రశ్నే. అరకోటి జనాభా ఉన్న స్కాట్లాండ్‌తో పోలిస్తే మాత్రం ఆ సాకు చెల్లదు.

నాకు నార్వే కంటే ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది షెట్లాండ్. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న దీవులు. గొర్రెలు, చేపలు, ఉన్ని స్వెటర్లు, విపరీతమైన గాలి. అప్పటికి జనాభా 20 వేలు కూడా లేదు. బ్రెంట్ చమురును ఒడ్డుకు చేర్చాలంటే పైపులైను అక్కడికే రావాలి. కంపెనీలు భూముల కోసం వాలిపోయాయి. అక్కడి కౌంటీ కౌన్సిల్, అంటే మన జిల్లా పరిషత్ లాంటిది అనుకోండి, గాభరా పడలేదు. దాని ప్రధాన అధికారి ఇయాన్ క్లార్క్ నాయకత్వంలో లండన్ పార్లమెంటుకు వెళ్ళి 1974లో తమకోసం ఒక ప్రత్యేక చట్టం చేయించుకున్నారు. భూమిని కౌన్సిలే సేకరిస్తుంది, రేవు అధికారం కౌన్సిల్‌దే. కంపెనీలన్నీ విడివిడిగా కట్టుకోవడానికి వీల్లేదు, సల్లం వో అనే ఒకే చోట అందరూ కలిసి టెర్మినల్ కట్టాలి. తమ జీవితాల్లో కలిగే అలజడికి పరిహారంగా కంపెనీలు డబ్బు కట్టాలి. ఆ డబ్బును ఒక ట్రస్టులో వేశారు. దాని మీద వచ్చిన ఆదాయంతో ముసలివాళ్ళకు సంరక్షణ కేంద్రాలు నడిచాయి, పిల్లలకు ఈత కొలనులు, ఆటల హాళ్ళు వచ్చాయి. నిధి ఇప్పటికీ ఉంది. లండన్ చెయ్యలేనిది, చెయ్యడానికి కుదరదని చెప్పినది, 20 వేల మంది లేని దీవులు చేసి చూపించాయి. దీని గురించి ఇంకా ఎక్కువమంది మాట్లాడుకోవాలి.

ఇదే షెట్లాండ్ స్వాతంత్ర్యవాదులకు ఒక చిక్కు ప్రశ్న కూడా. స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో వాళ్ళు లండన్‌తో 'చమురు మాది' అంటే, షెట్లాండ్ వాళ్ళు ఎడిన్‌బరోతో 'చమురు మాది' అనరా? అన్నారు కూడా. ఆ దీవులు స్కాట్లాండ్‌కు వచ్చిందే 1469లో, డెన్మార్క్, నార్వేలను ఏలిన రాజు కూతురి పెళ్ళి కట్నం కింద తాకట్టుగా. 1979లో షెట్లాండ్ శాసనసభనే వద్దంది. 2014లో స్వాతంత్ర్యానికి దాదాపు 64 శాతం మంది వద్దన్నారు. వనరు ఎవరి దగ్గర ఉంటే వాళ్ళదే అన్న సూత్రాన్ని పట్టుకుని నడుస్తూ పోతే ఎక్కడ ఆగాలో ఎవరికీ తెలియదు.

ఒక్క నిమిషం, చమురు అంటే డబ్బు లెక్కలే కాదు. 1988 జులై 6 రాత్రి ఉత్తర సముద్రంలో చమురు తీసే పైపర్ ఆల్ఫా అనే ప్లాట్‌ఫాం పేలిపోయింది. 167 మంది చనిపోయారు. 61 మంది మాత్రం బతికారు, వాళ్ళలో చాలామంది మండుతున్న ప్లాట్‌ఫాం మీద నుంచి చీకట్లో సముద్రంలోకి దూకినవాళ్ళు. ఆ రాత్రి ఏం జరిగిందంటే, మరమ్మతు కోసం ఒక పంపు సేఫ్టీ వాల్వు తీసేశారు. ఆ కాగితం షిఫ్టు మారినవాళ్ళ కంట పడలేదు. వాళ్ళు ఆ పంపునే ఆన్ చేశారు. తర్వాత లార్డ్ కల్లెన్ విచారణ జరిపి 106 సిఫార్సులు చేశారు. వాటిలో ముఖ్యమైనది, ఉత్పత్తి పెంచే బాధ్యత ఉన్న ఇంధన శాఖ చేతిలోనే భద్రతా తనిఖీ ఉండకూడదన్నది. ఎక్కువ చమురు తీస్తే ఎక్కువ పన్ను వచ్చే ప్రభుత్వం అందులోనే తనిఖీదారు కూడా అయితే ఏమవుతుందో 167 కుటుంబాలకు తెలిసింది. చమురు ఎవరిది అని వాదించుకునేవాళ్ళు రెండు వైపులా ఈ పేర్లను మర్చిపోతుంటారు. అబర్డీన్ హేజిల్‌హెడ్ పార్కులో స్మారక చిహ్నం మీద ఆ పేర్లున్నాయి.

ఇక 2014కి వద్దాం. సెప్టెంబరు 18న 'స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా?' అని రెఫరెండం. పదహారేళ్ళ పిల్లలకు కూడా ఓటు ఇచ్చారు. దానికి ముందు ఏడాది నవంబరులో స్కాటిష్ నేషనల్ పార్టీ నాయకుడు అలెక్స్ సామండ్ నడుపుతున్న స్కాట్లాండ్ ప్రభుత్వం ఒక పెద్ద శ్వేతపత్రం వేసింది, ఆరు వందల పేజీలు దాటింది. అందులో చమురు ధర బ్యారెల్‌కు 113 డాలర్లు ఉంటుందని అనుకున్నారు. 2016-17లో 680 నుంచి 790 కోట్ల పౌండ్ల ఆదాయం వస్తుందని వేశారు. లండన్‌లోని బడ్జెట్ అంచనాల సంస్థ అంతలో సగం కూడా రాదంది. సముద్రంలో ఇంకా 2400 కోట్ల బ్యారెళ్ళు ఉన్నాయని ప్రభుత్వం అంటే, ఆ రంగంలోనే జీవితం గడిపిన సర్ ఇయాన్ వుడ్ 1500 నుంచి 1650 కోట్లే అన్నారు.

ఫలితం తెలిసిందే. 55.3 శాతం వద్దన్నారు, 44.7 శాతం కావాలన్నారు. 84.6 శాతం మంది ఓటేశారు. పోలింగ్ రోజుకే ధర జారడం మొదలైంది. 2014 జూన్‌లో 115 డాలర్లున్న బ్రెంట్ 2016 జనవరిలో 30 కంటే కిందికి పోయింది. గెలిచి ఉంటే స్కాట్లాండ్ 2016 మార్చి 24న స్వతంత్ర దేశం అయ్యేది. మొదటి ఏడాదికి 680 కోట్లకు పైగా అని లెక్కలేసిన చోట నిజంగా వచ్చింది 21 కోట్ల పౌండ్లు.

ఇది చూపించి చాలామంది 'చూశారా, విడిపోయి ఉంటే మునిగిపోయేవాళ్ళు' అంటారు. వాళ్ళతో నేను పూర్తిగా ఏకీభవించను. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి ధరలు ఎగిరి, బ్రిటన్ కొత్త లాభాల పన్ను వేసినప్పుడు, 2022-23లో స్కాట్లాండ్ వాటా లెక్క 940 కోట్ల పౌండ్లకు చేరింది. 2016లో మునిగిన వాదన 2022లో తేలింది. ఒక జాతి తన పాలన తానే చేసుకోవాలా అన్న ప్రశ్నకు జవాబు ఆరేళ్ళకోసారి అటూ ఇటూ మారిపోతే, ఆ జవాబు మనం తప్పు చోట వెతుకుతున్నామని అర్థం. సామండ్ ప్రభుత్వం 113 డాలర్ల అంకె మీద అంత బరువు పెట్టడం పొరపాటు. అందరికంటే ఆశావహమైన అంచనాను ప్రజల ముందుంచడం 1974లో లండన్ చేసిన దానంత నేరం కాదు గానీ, అదీ ఓటరును పెద్దవాడిగా చూడకపోవడమే.

ఇంకో సంగతి. ఎక్కడెక్కడ 'కావాలి' అని గెలిచిందో చూడండి. గ్లాస్గో, డండీ, వెస్ట్ డన్‌బార్టన్‌షైర్, నార్త్ లానార్క్‌షైర్. అంతే, నాలుగే. ఇందాక చెప్పిన రేవన్స్‌క్రెయిగ్ ఉక్కు కర్మాగారం ఉన్నది ఆ నార్త్ లానార్క్‌షైర్‌లోనే. చమురు రాజధాని అబర్డీన్ దాదాపు 59 శాతంతో వద్దంది. చమురే స్వాతంత్ర్య కాంక్షకు మూలమైతే ఈ పటం తలకిందులుగా ఉండాలి.

చీటీ వచ్చింది. 'దీన్ని తెలంగాణ ఉద్యమంతో పోల్చవచ్చా?' అని అడిగారు. జాగ్రత్తగా పోల్చాలి. అక్కడ ప్రశ్న ప్రత్యేక దేశం, ఇక్కడ ఒకే దేశంలో ప్రత్యేక రాష్ట్రం. రెండూ 2014లోనే తేలడం కాకతాళీయం. కానీ ఒక చోట పోలిక ఉంది. తెలంగాణ ప్రాంత మిగులు నిధులు ఎంత, ఎక్కడ ఖర్చయ్యాయి అన్నది 1969 ఉద్యమంలో ముఖ్యమైన ఫిర్యాదు. ఆ లెక్క తేల్చడానికి కుమార్ లలిత్ కమిటీ, ఆ తర్వాత జస్టిస్ భార్గవ కమిటీ వెయ్యాల్సి వచ్చింది. పదమూడేళ్ళు ఒకే రాష్ట్రంలో ఉన్నాక కూడా ఎవరి డబ్బు ఎంతో తెలియకపోవడమే అనుమానాన్ని పెంచింది. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ గురించి కూడా కోనసీమ వాళ్ళు ఇలాగే అడుగుతుంటారు. సముద్రంలో దొరికేది రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానిది, ఒడ్డున దొరికిన దాని మీద రాష్ట్రానికి రాయల్టీ వస్తుంది. అది న్యాయమా కాదా అన్నది వాదించుకోవచ్చు. వాదించుకోవాలంటే ఎంత తీశారో, ఎంత వచ్చిందో అందరికీ తెలియాలి కదా.

ఇప్పుడు అక్కడ పరిస్థితి ఏమిటి? ఉత్పత్తి 1999లో శిఖరానికి చేరి, అప్పటినుంచీ తగ్గుతూ వస్తోంది. గ్రాంజ్‌మౌత్‌లో 1924లో మొదలైన రిఫైనరీ, స్కాట్లాండ్‌కు ఉన్న ఒకే ఒక్క రిఫైనరీ, 2025 ఏప్రిల్‌లో శుద్ధి ఆపేసింది. చమురు పుట్టిన దేశం ఇప్పుడు పెట్రోలు దిగుమతి చేసుకుంటోంది. పాత ప్లాట్‌ఫాంలు విప్పి ఒడ్డుకు తేవడానికి వేల కోట్ల పౌండ్లు కావాలి. అందులో కొంత పన్ను రాయితీల రూపంలో ప్రజల మీదే పడుతుంది. మళ్ళీ రెఫరెండం వస్తే ఈ ఖర్చులో ఎవరి వాటా ఎంత అన్నదే మొదటి తగాదా. 2022 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు లండన్ ఒప్పుకోకుండా రెఫరెండం పెట్టే అధికారం స్కాట్లాండ్ పార్లమెంటుకు లేదని చెప్పింది కాబట్టి అది ఎప్పుడొస్తుందో చెప్పలేం.

కొత్త తగాదా గాలి మీద. 2022లో సముద్రంలో గాలిమరల కోసం స్కాట్లాండ్ వేలం వేసింది. దాదాపు 70 కోట్ల పౌండ్లు వచ్చాయి. ఈసారి ఆ డబ్బు లండన్‌కు పోలేదు, ఎడిన్‌బరో ప్రభుత్వానికే వచ్చింది. నార్వేలా ఒక నిధి పెట్టే అవకాశం చేతికే వచ్చింది. 2024లో బడ్జెట్ బిగుసుకుపోయేసరికి అందులోంచి 46 కోట్ల దాకా రోజువారీ ఖర్చులకు తియ్యాలని అదే ప్రభుత్వం ప్రతిపాదించింది. లండన్ మా చమురు డబ్బు తినేసిందని యాభై ఏళ్ళుగా చెబుతూ వచ్చిన పార్టీదే ఆ ప్రభుత్వం. ఆ రోజు స్కాట్లాండ్ పత్రికలు, ప్రతిపక్షాలు గట్టిగానే నిలదీశాయి. ఎందుకు నిలదీయగలిగాయంటే ఈసారి అంకెలు వాళ్ళ ముందున్నాయి.